సన్న దారం ఎందుకు తెగుతుంది? గాలం పట్టేవాళ్ల అపోహలు - వాస్తవాలు

కర్నూలులో నాకు గాలాలు, రాడ్లు, దారాలు అమ్మే చిన్న కొట్టు ఉంది. ఆదివారం సాయంత్రం వచ్చేవాళ్లలో సగం మంది ముఖం చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. "బొచ్చెన్నా, ఇంత పెద్దది. గట్టు కాడికి వచ్చినాక తెగిపాయ. ఇంకా లావు దారం ఈ." తెగిన కొస చూపించమంటే మాత్రం చూపించరు, అక్కడే పారేసి వస్తారు. నాకు కావాల్సింది ఆ కొసే.

నేను సుంకేసుల దగ్గర తుంగభద్రలో గాలం వేస్తూ పెరిగినవాణ్ని. వీలైనప్పుడు హిమాచల్‌లో తీర్థన్ నదికి ట్రౌట్ చేప కోసం పోతుంటాను. మన ఎండలకు, మన నీళ్లకు ట్రౌట్ బతకదు, దానికి చల్లని నీళ్లు కావాలి. అక్కడ ఈకలు, దారాలతో కట్టిన ఉత్తుత్తి పురుగును ఎరగా వేస్తారు. దాన్ని కట్టే చివరి సన్న దారం పేరు టిప్పెట్. దాని మీద 4ఎక్స్, 5ఎక్స్, 6ఎక్స్ అని ఉంటుంది. 11 లోంచి ఆ అంకె తీసేస్తే, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన మందం వస్తుంది. 6ఎక్స్ అంటే 5 వంతులు, అంటే సుమారు 0.13 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. అంత సన్నదానితో చేపను ఒడ్డుకు తేవడం నేర్చుకున్నాక, మన బొచ్చెల దగ్గర నేను తెంచుకున్న దారాల్లో చాలావరకు నా చేతి తప్పువల్లే తెగాయని అర్థమైంది.

అపోహ: కిలోన్నర మోసే దారానికి మూడు కిలోల చేప పడితే తెగి తీరుతుంది.

బావిలో చేద మునిగి ఉన్నంతసేపు బరువు తెలియదు, నీళ్లు దాటి పైకి వస్తుంటేనే భుజం లాగుతుంది. చేప కూడా అంతే. నీళ్లలో ఉన్నంతవరకు దారం మీద దాని బరువు దాదాపు పడదు, పడేది అది గుంజే గుంజుడు. ఆ గుంజుడును రాడ్ వంపు, రీల్ (దారం చుట్టి ఉండే చక్రం) వదిలే దారం మింగేయాలి. రాడ్‌ను చేప వైపు తిన్నగా చూపించారంటే వంపు పోయి భారమంతా దారం మీదికి వస్తుంది. ఇక గట్టు దగ్గర తెగిపోయిందనే కథల్లో ఎక్కువ భాగం, దారం పట్టుకుని చేపను గాల్లోకి లేపినవే. చేతివల కింద పెట్టి ఎత్తండి. రెండు మూడు వందలు పెట్టి చేతివల కొనమంటే బేరమాడతారు, ప్రతివారం దారం మాత్రం కొంటారు. నాకైతే లాభమే.

అపోహ: రీల్ బాగా బిగిస్తే చేప పారిపోదు.

దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు లాగినప్పుడే రీల్ జారి దారం వదలాలి. కొట్లో స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి దారం తగిలించి చూపిస్తాను. కిలోన్నర దారమైతే నాలుగైదు వందల గ్రాముల దగ్గర జారడం మొదలవ్వాలి. చాలామంది రీళ్లు త్రాసు ముల్లు కిలో దాటినా కదలవు. ట్రౌట్ నీళ్లలోంచి ఎగిరిందంటే రాడ్ కొస కిందికి దించి దారం వదులు చేయాలి, లేకుంటే అది పడే బరువుకే పుటుక్కుమంటుంది. పట్టు పడగానే రాడ్‌ను తల మీదుగా గుంజే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. సన్న దారంతో ఆ పని కుదరదు, మణికట్టు పైకి లేపితే చాలు.

అపోహ: తడిస్తే దారం గట్టిపడుతుంది.

ఇది సేద్యం ఇళ్ల నుంచి వచ్చిన మాట. పత్తి నూలు విషయంలో నిజమే, తడిస్తే దాని బలం పెరుగుతుంది. మనం గాలానికి వాడే నైలాన్‌ది ఉల్టా కథ: నీళ్లు పీల్చి నానినకొద్దీ కొంత బలం పోగొట్టుకుంటుంది. ఫ్లోరోకార్బన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ దారం దాదాపు నీళ్లు పీల్చదు.

మరి ముడి బిగించే ముందు ఎంగిలితో తడపమని నేనే ఎందుకు చెబుతానంటే, అది బలం కోసం కాదు, వేడి కోసం. పొడి దారాన్ని సర్రున లాగితే చుట్లు ఒకదానికొకటి రాసుకుని వేడెక్కుతాయి. సన్న దారానికి ఆ కాస్త వేడే చాలు. మా మేనల్లుడు నమ్మలేదు. ఒకే దారం, ఒకేలాంటి ముడి, ఒకటి పొడిగా, ఒకటి తడిపి కట్టించాను. కొస పళ్లతో పట్టి చిన్నగా, ఆపకుండా లాగితే తడి ముడి చుట్లు వరుసగా సర్దుకుని గాజుపూసలా కూర్చున్నాయి. పొడి ముడి పైన దారం ముడతలు పడి, వెంట్రుక కాలినట్టు వంకర తిరిగింది. త్రాసుకు కట్టి లాగితే ముందు తెగింది అదే. "సరేలే మామా" అన్నాడు, ఇంకేమీ అనలేదు.

అందుకే తెగిన కొస కావాలంటాను. అది పొట్టేలు కొమ్ములా చుట్టుకుని ఉంటే ముడి జారి ఊడింది. కత్తిరించినట్టు ఉంటే ముడి దగ్గర గుంజుడుకు తెగింది. కొస గరుకుగా, తెల్లగా పేలి ఉంటే బండకు రాసుకుంది. మూడింటికీ మందు వేరు, మూడింటికీ లావు దారం మందు కాదు.

గాలికో, విసరడం కుదరకో దారం మధ్యలో దానంతటదే ఒక ముడి పడుతుంటుంది. మొటిమంత కూడా ఉండదు, బలాన్ని సగానికి దించేయగలదు. దాన్ని విప్పే ప్రయత్నం చేయకండి, కోసి మళ్లీ కట్టండి. చేప పడిన ప్రతిసారీ చివరి రెండడుగులు గోళ్ల మధ్య లాగి చూడండి, గరుకు తగిలితే అదీ కోసేయండి.

అపోహ: చేప కొరికేసింది.

రోహుకు, బొచ్చెకు దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. కొర్రమీను, వాలుగ అయితే ఒప్పుకుంటాను.

అపోహ: ఎంత సన్నదైతే అంత మంచిది.

తీర్థన్ నుంచి వచ్చిన కొత్తలో నాకూ ఈ పిచ్చి పట్టింది. సన్న దారానికి పెద్ద ఎర కడితే విసిరినప్పుడల్లా మెలి తిరిగి ముడి దగ్గర నలుగుతుంది. ఉత్తుత్తి పురుగు గాలం నంబరును మూడుతో భాగిస్తే టిప్పెట్ అంకె సుమారుగా వస్తుంది, 18 నంబరుకు 6ఎక్స్. పైగా మరీ సన్నదైతే చేపను చాలాసేపు ఆడించాలి. తిరిగి వదిలేద్దామనుకున్న ట్రౌట్ ఆ అలసటకే చచ్చిపోవచ్చు.

చివరగా ఎండ. మే నెలలో దారం చుట్టను బైకు ట్యాంకు కవర్లో పెట్టుకుని తిరిగేవాళ్లు నా దగ్గరికొచ్చి "డూప్లికేట్ ఇచ్చినావన్నా" అని తగువేసుకుంటారు. నైలాన్‌ను ఎండ మెల్లగా తినేస్తుంది, చూపుకు తేడా తెలియదు. కొన్న నెల చుట్ట మీద పెన్నుతో రాసి బీరువాలో పెట్టండి. నేను ఏడాది దాటిన నైలాన్‌ను చేపలకు వాడను, పెరట్లో కాకరపాదు పందిరికి కడతాను. మిగిలిన ముక్కలను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. ఏటి గట్టున పారేస్తే కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి. పోయిన వేసవిలో అలాంటి కొంగ కాలి నుంచి దారం విప్పడానికి నాకు అరగంట పట్టింది, చేతి మీద రెండు పొడుపులు మిగిలాయి.