గర్భిణుల్లో సిఫిలిస్: అపోహలు - వాస్తవాలు

"ఈ రిపోర్టు చూస్తే మా ఆయన నన్ను ఇంట్ల ఉండనియ్యడు మేడం" అన్న మాటను వరంగల్‌లో గర్భిణులను చూస్తున్న ఇన్నేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సిఫిలిస్ అనే సుఖవ్యాధిని పట్టే వీడీఆర్‌ఎల్ రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే తప్పు ఆడమనిషిదే అన్న అపోహ వల్ల రిపోర్టును దాచిపెట్టి, విలువైన నెలలు పోగొట్టుకుంటున్నారు.

నర్సంపేట వైపు పల్లె నుంచి ఏడో నెలలో వచ్చిన ఒకామె, మూడో నెలలో ఇచ్చిన రిపోర్టును నాలుగు మడతలు పెట్టి తల్లీబిడ్డల కార్డు అట్టలో దాచుకున్నది. అంతకుముందు ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే చనిపోతే, గాలి సోకిందని తాయత్తు కట్టించారే తప్ప భార్యాభర్తల్లో ఎవరికీ రక్తపరీక్ష చేయించలేదు. భర్త తప్ప మరొకరిని ఎరుగని ఇల్లాలికి కూడా ఈ జబ్బు భర్త నుంచే సోకుతుంది. మొదటి పుండు నొప్పి లేకుండానే మానిపోతుంది కనుక, తనకు జబ్బున్నదని అతనికీ తెలియకపోవచ్చు. భర్తకు చికిత్స చేయకుండా భార్యకు మాత్రమే ఇంజక్షన్ ఇస్తే, ఆమెకు మళ్లీ అతని నుంచే అంటుకోవచ్చు.

ఇది అరుదైన జబ్బు అనుకోవద్దు. 2016లో ప్రపంచవ్యాప్తంగా ప్రతి వెయ్యి మంది గర్భిణుల్లో దాదాపు ఏడుగురికి ఇది ఉన్నదని, ఆ ఏడాది 6.6 లక్షల మంది శిశువులకు తల్లి నుంచి సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. భర్తకు సుఖవ్యాధి ఉన్నవారికి, గతంలో అబార్షన్లయినవారికి, చనిపోయిన బిడ్డను కన్నవారికి, తొలి మూడు నెలల్లో పరీక్ష చేయించుకోనివారికి ముప్పు ఎక్కువ.

మరుగుదొడ్డి నుంచి, పక్కవారి కంచం నుంచి ఇది రాదు. గర్భం వల్లనే వీడీఆర్‌ఎల్ ఒక్కోసారి తప్పుగా పాజిటివ్ చూపవచ్చు గానీ, అది తేల్చవలసింది జబ్బును నిర్ధారించే టీపీహెచ్‌ఏ అనే మరో రక్తపరీక్షే తప్ప వాడకట్టు వాళ్లు కాదు.

ఇంజక్షన్ బిడ్డకు చెరుపు చేస్తుందన్నది నిజం కాదు. బెంజాథిన్ పెన్సిలిన్ మాయను దాటి వెళ్లి కడుపులోని బిడ్డకు కూడా వైద్యం చేస్తుంది. కొత్తగా సోకితే 24 లక్షల యూనిట్ల డోసు ఒక్కటి, ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు డోసులు ఇస్తాము. కాన్పుకు కనీసం 30 రోజుల ముందే చికిత్స మొదలుకావాలి కాబట్టే, దాచిపెట్టిన ప్రతి వారమూ బిడ్డకు ముప్పే.

రిపోర్టు దాచుకున్న ఆమె భర్తను నేనే పిలిపించి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ పెట్టకుండా బిడ్డ సంగతే మాట్లాడాను. అతను చాలాసేపు తలవంచుకుని కూర్చుని, చివరికి చొక్కా చేతిని పైకి మడిచి, రక్తం తీసుకొమ్మని చెయ్యి చాపాడు.