మంచు మీద గాలం: లోతు కొలతల్లో అపోహలు – వాస్తవాలు

గడ్డకట్టిన సరస్సు మీద మంచుకి కన్నం చేసి గాలం వేసేవాళ్లని లోతెంత అని అడిగితే ఠక్కున ఒక అంకె చెప్తారు. ఆ లోతు ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. పొరపాట్లన్నీ దాదాపు అక్కడే పుడతాయి.

అపోహ: సోనార్ (శబ్దాన్ని కిందికి పంపి, దాని ప్రతిధ్వనితో లోతు చూపే మెషిన్) చూపించిందే నీటి లోతు.

అది చూపించేది ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్లలోకి దించే, శబ్దాన్ని పంపి అందుకునే భాగం) కింది ముఖం నుంచి సరస్సు అడుగు దాకా ఉన్న దూరం. మంచు 60 సెం.మీ. మందం ఉందనుకోండి, ట్రాన్స్‌డ్యూసర్‌ని మంచు కింది అంచు దాకా దించుతాం కదా, తేలే మంచులో పదింట తొమ్మిది వంతులు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి కన్నంలో నీటి మట్టం దానికి సుమారు 55 సెం.మీ. పైన ఉంటుంది. తెర మీద 8 మీటర్లంటే అసలు లోతు 8.55 అన్నమాట. పైన మందంగా మంచు కురిస్తే ఆ బరువుకి పలక కుంగి నీళ్లు కన్నంలోంచి పైకి తన్నుకొస్తాయి, అప్పుడు ఈ లెక్క కూడా మారుతుంది. అందుకే నీటి మట్టమో, మంచు పైభాగమో ఏదో ఒకటి ఎంచుకుని రోజంతా దాని నుంచే కొలవండి.

అపోహ: ఖరీదైన మెషిన్ అయితే సెంటీమీటరు కూడా తేడా రాదు.

వస్తుంది. 20 డిగ్రీల మంచినీటిలో శబ్దం సెకనుకు 1482 మీటర్లు పోతే, 0 డిగ్రీల దగ్గర 1402 మీటర్లే పోతుంది. మంచు కింద నీళ్లు మామూలుగా 0 నుంచి 4 డిగ్రీల మధ్యే ఉంటాయి. మెషిన్ 1500 అనుకుని లెక్క కడితే 10 మీటర్ల లోతుని 10.6 అని చూపిస్తుంది. దీనికి నేనైతే టెన్షన్ పడను, ఎందుకంటే ఎర కూడా అదే తెర మీద అదే లెక్కలో కనబడుతుంది. మ్యాప్‌తో పోల్చేటప్పుడే ఇబ్బంది.

అపోహ: కన్నానికి సరిగ్గా కింద ఉన్న చోటునే సోనార్ చూస్తుంది.

అసలు తంటా ఇదే. టార్చి వెలుగులా శబ్దం కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. 20 డిగ్రీల కోన్ (శబ్దం విచ్చుకునే కోణం) అయితే 10 మీటర్ల కింద మూడున్నర మీటర్ల వెడల్పు చోటుని చూస్తుంది, 9 డిగ్రీలదైతే 1.6 మీటర్లు. ఆ చోటులో మెషిన్‌కి ఏది దగ్గరగా ఉంటే దాని ప్రతిధ్వనే ముందు తిరిగొస్తుంది. అడుగు 15 డిగ్రీల వాలుగా ఉంటే, 20 డిగ్రీల కోన్‌తో కన్నం కింద 10 మీటర్లున్న చోటు 9.7 అని పడుతుంది. మిగిలిన ఆ 30 సెం.మీ.లో అడుక్కి అతుక్కుని పడుకునే చేపలు మనకి కనబడనే కనబడవు. కనిపెట్టడం తేలికే: ఎర గుర్తు అడుగు గీతలో కలిసిపోయాక కూడా దారం ఇంకా జారుతోందంటే కింద వాలు ఉన్నట్టే, ఇంకో కన్నం చేసి పోల్చుకోండి. ట్రాన్స్‌డ్యూసర్ ఒరిగి వేలాడినా ఇలాంటి తప్పులే వస్తాయి.

అపోహ: సీసం గుండు కట్టి వదిలితే అదే పక్కా కొలత.

అడుగు గట్టిగా ఉండి, నీళ్లు కదలకుండా ఉంటే అవును. మెత్తటి బురదైతే బరువు లోపలికి దిగబడుతుంది. నీటి కదలికకి దారం 20 డిగ్రీలు వాలితే 10 మీటర్ల దారానికి అసలు లోతు 9.4 మీటర్లే. గుండు అడుక్కి తగిలి దారం సడలగానే కొలిచేయకుండా, మెల్లగా పైకి లాగి, బిగుసుకున్న క్షణంలో నీటి మట్టం దగ్గర వేళ్లతో పట్టుకుని అక్కడ ముడి వేయండి. చేతులు బార చాపి కొలిచేవాళ్లు తమ బార ఎంతో ఒక్కసారైనా టేపుతో చూసుకోవాలి.

అపోహ: కన్నం చేయకుండా మంచు మీంచి లోతు తెలియదు.

తెలుస్తుంది. కాకపోతే మంచు గాజులా స్వచ్ఛంగా ఉండాలి, ట్రాన్స్‌డ్యూసర్ కింద కాసిని నీళ్లు పోయాలి, ఎందుకంటే మధ్యలో గాలి ఉంటే శబ్దం దాటదు. బుడగలున్న తెల్ల మంచు మీద కుదరదు. మంచులో శబ్దం నీటిలో కంటే రెండు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి 60 సెం.మీ. మంచుని మెషిన్ పాతిక సెం.మీ. కూడా లేనట్టు లెక్కేస్తుంది.

అపోహ: మ్యాప్‌లో ఉన్న లోతు చాలు.

మ్యాప్ ఏదో ఒక నీటి మట్టానికి వేసింది. చలికాలంలో నీళ్లు వదిలేసే రిజర్వాయర్లలో అది మీటర్ల కొద్దీ తప్పొచ్చు.

అన్నట్టు, పక్క కన్నంలో 4 మీటర్లుండి ఇక్కడ ఉన్నట్టుండి 8 చూపిస్తే గోతి దొరికిందని సంబరపడకండి. గట్టి అడుగు మీంచి శబ్దం పైకొచ్చి, మంచుకి కొట్టుకుని మళ్లీ కిందికెళ్లి తిరిగొచ్చినా సరిగ్గా రెట్టింపే కనబడుతుంది. ముందు గెయిన్ (మెషిన్ సున్నితత్వం) తగ్గించి చూడండి, అప్పటికీ అనుమానం పోకపోతే గుండు వదలండి.