ఓటు డెలిగేట్‌ది, జాబితా ఎవరిది?

పార్టీకి కొత్త అధ్యక్షుడు కావాలి అనగానే మన దగ్గర మొదట వినిపించే మాట అభిప్రాయ సేకరణ. పై నుంచి పరిశీలకులు దిగుతారు. గెస్ట్‌హౌస్‌లోనో హోటల్లోనో కూర్చుని నాయకులను ఒక్కొక్కరిగా లోపలికి పిలుస్తారు. బయటికొచ్చిన ప్రతివాళ్లూ మైకుల ముందు చెప్పేది ఒకటే: మా మాట మేం చెప్పాం, తుది నిర్ణయం అధిష్ఠానానిదే. ఆ తర్వాత నిర్ణయాన్ని అధిష్ఠానానికే వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం. పేరు మాత్రం ఢిల్లీలో బయటపడుతుంది. లోపల ఎవరు ఎవరి పేరు చెప్పారో, ఎంతమంది చెప్పారో ఎవరికీ తెలియదు.

కాంగ్రెస్‌కు ఈ పద్ధతి పుట్టుకతో వచ్చింది కాదు. అధ్యక్ష పదవికి ఓట్లు వేసి, లెక్కపెట్టి, గెలిచినవాళ్లకెన్ని ఓడినవాళ్లకెన్ని అని పత్రికల్లో అచ్చేసిన రోజులు ఆ పార్టీకి ఉన్నాయి. ఆ పోటీలను వరసగా చూసుకుంటూ వస్తే తేలేది ఏమిటంటే, ఓటింగ్ జరిగిందా లేదా అన్నది అంత పెద్ద సంగతి కాదు. ఓటేసేవాళ్ల జాబితా ఎవరు రాశారు, గెలిచినవాణ్ణి ఆ తర్వాత పని చేయనిచ్చారా లేదా... గొడవంతా ఈ రెండింటి దగ్గరే.

మొదట్లో అసలు ఎన్నిక ఊసే లేదు. 1885లో 72 మంది ప్రతినిధులతో మొదలైన కాంగ్రెస్‌లో అధ్యక్షుడంటే ఆ ఏటి మహాసభకు పెద్దమనిషి. పెద్దలు నలుగురూ అనుకుంటే అయిపోయేది. 1906లో కలకత్తా సభకు తిలక్ పేరు గట్టిగా వినిపిస్తే, దాన్ని తప్పించడానికి 81 ఏళ్ల దాదాభాయ్ నౌరోజీని ముందుకు తెచ్చారు. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఆ ఏడు గడిచింది. మరుసటి ఏడు సూరత్‌లో గడవలేదు. రాస్‌బిహారీ ఘోష్‌ను అధ్యక్షుణ్ణి చేయడం మీదే మితవాదులు, అతివాదులు తలపడ్డారు. వేదిక మీదికి చెప్పు వచ్చి పడింది, కుర్చీలు లేచాయి, సభ మధ్యలోనే ఆగిపోయింది, పార్టీ చీలింది.

మామూలు సభ్యుడనేవాడు లెక్కలోకి వచ్చింది 1920 నాగపూర్ మహాసభతో. నాలుగణాలు కడితే ఎవరైనా కాంగ్రెస్ సభ్యుడే. సభ్యులు ప్రతినిధులను, అంటే డెలిగేట్లను, ఎన్నుకోవాలి. 1930ల నడుమకు వచ్చేసరికి ఆ ప్రతినిధులే తమ తమ రాష్ట్రాల్లో ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి కుదిరింది. కాగితం మీద చాలా చక్కటి ఏర్పాటు. చిక్కు కూడా అందులోనే ఉంది. నాలుగణాలు సభ్యుడే కట్టాలని లేదు, పట్టు కావాలనుకున్న నాయకుడు వందల మంది తరఫున కట్టేయవచ్చు. బోగస్ సభ్యత్వాల మీద ఫిర్యాదులు ఆ రోజుల నుంచీ ఉన్నవే.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 1939లో వచ్చింది. ఒక పక్క రెండోసారి పోటీకి దిగిన సుభాష్ చంద్రబోస్. మరో పక్క, మౌలానా ఆజాద్ తప్పుకున్నాక గాంధీ వర్గం నిలబెట్టిన మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. పోలింగ్‌కు ముందు పత్రికల్లో ప్రకటనల యుద్ధం నడిచింది. ఈ ఎన్నిక ఎప్పుడూ ఏకగ్రీవంగానే జరగాలి, విధానాలు నిర్ణయించేది అధ్యక్షుడు కాదు, ఆయన సభను నడిపే ఛైర్మన్ లాంటివాడు మాత్రమే అని వల్లభ్‌భాయ్ పటేల్, పార్టీ అత్యున్నత కార్యవర్గమైన వర్కింగ్ కమిటీలోని మరికొందరు సభ్యులు ప్రకటన ఇచ్చారు. కాదు, అధ్యక్షుడు తన కమిటీని తానే వేసుకుంటాడు కాబట్టి ప్రధానమంత్రి లాంటివాడు, అలాంటి పదవికి విధానాల మీదే పోటీ జరగాలి అని బోస్ జవాబిచ్చారు. ఏకగ్రీవమా పోటీనా అని ఇవాళ ఏ పార్టీ ఆఫీసులో చర్చ మొదలైనా ఈ రెండు వాదనలే తిరిగొస్తాయి. ఎనభై ఏళ్లు దాటినా మూడోది పుట్టలేదు.

జనవరి 29న ఓటింగ్ జరిగింది. బోస్‌కు 1,580, పట్టాభికి 1,377. పట్టాభి ఓటమి ఆయనకన్నా నాదే ఎక్కువ అని గాంధీ అన్న మాట అందరికీ తెలిసిందే. దాని తర్వాత జరిగినదాని గురించే తక్కువగా మాట్లాడుకుంటాం. వర్కింగ్ కమిటీలో ఎక్కువమంది రాజీనామా చేశారు. మార్చిలో త్రిపురి మహాసభకు బోస్ జ్వరంతో స్ట్రెచర్ మీద వచ్చారు. అక్కడ గోవింద్ వల్లభ్ పంత్ ఒక తీర్మానం పెట్టారు: అధ్యక్షుడు తన వర్కింగ్ కమిటీని గాంధీ ఇష్టప్రకారమే వేసుకోవాలి. అది నెగ్గింది. జనవరిలో ఓటేసి గెలిపించిన పార్టీయే మార్చిలో గెలిచినవాడి చేతులు కట్టేసిందన్నమాట. గాంధీ పేర్లు ఇవ్వలేదు, బోస్ కమిటీ వేయలేకపోయారు. ఏప్రిల్ 29న రాజీనామా. బాబూ రాజేంద్ర ప్రసాద్ ఆ కుర్చీలోకి వచ్చారు.

పార్టీ నాయకులు దీన్నుంచి ఏం నేర్చుకున్నారో 1946లో కనిపిస్తుంది. అధ్యక్షుడైనవాడే తాత్కాలిక ప్రభుత్వానికి నాయకుడవుతాడని అందరికీ తెలిసిన సమయం అది. 15 రాష్ట్ర కమిటీల్లో 12 పటేల్ పేరు పంపాయి. నెహ్రూ పేరు ఒక్క కమిటీ కూడా పంపలేదు. వర్కింగ్ కమిటీ సభ్యులు కొందరు నెహ్రూను ప్రతిపాదించారు, గాంధీ మొగ్గు అటే ఉంది, పటేల్ తప్పుకున్నారు. నెహ్రూ మంచి ఎంపికా కాదా అన్నది వేరే చర్చ, అందులోకి వెళ్తే రాత్రి తెల్లవారుతుంది. అభిప్రాయం అడగడం, అడిగినదాన్ని పక్కన పెట్టడం అనే రెండూ ఒకే పద్ధతిలో ఇమిడిపోవడం మాత్రం ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు.

అయినా పోటీలు వెంటనే ఆగిపోలేదు. 1948లో పట్టాభి మళ్లీ నిలబడి, పురుషోత్తమ్ దాస్ టాండన్ మీద స్వల్ప తేడాతో గెలిచారు. 1950లో టాండన్‌కు 1,306 ఓట్లు, ఆచార్య కృపలానీకి 1,092, శంకర్‌రావ్ దేవ్‌కు 202 వచ్చాయి. టాండన్ వెనక పటేల్ ఉన్నారు, నెహ్రూకు ఆయన గిట్టరు. డిసెంబర్‌లో పటేల్ చనిపోయారు. 1951 ఆగస్టులో నెహ్రూ వర్కింగ్ కమిటీ నుంచి తప్పుకున్నారు. ప్రధాని కావాలా అధ్యక్షుడు కావాలా అన్న ప్రశ్న పార్టీ ముందుకు వచ్చేసింది. సెప్టెంబర్‌లో టాండన్ దిగిపోయారు, నెహ్రూయే అధ్యక్షుడయ్యారు. ఓడిన కృపలానీ అప్పటికే బయటికెళ్లి వేరే పార్టీ పెట్టుకున్నారు.

పన్నెండేళ్లలో ఇద్దరు అధ్యక్షులు ఓట్లతో గెలిచి, పదవీకాలం పూర్తి కాకుండానే పోయారు. ఇక పోటీ అంటే పార్టీకి టెన్షన్ పట్టుకుంది. తర్వాతి కాలమంతా ఏకాభిప్రాయమే. ముందు పేరు ఖాయం అవుతుంది, తర్వాత ఎన్నిక జరుగుతుంది. మన రాష్ట్రం నుంచి నీలం సంజీవరెడ్డి, ఆయన వెనక ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు దామోదరం సంజీవయ్య వచ్చింది ఆ రోజుల్లోనే.

ఎమర్జెన్సీ తర్వాతి ఓటమితో 1977లో మళ్లీ పోటీ జరిగింది. కాసు బ్రహ్మానందరెడ్డి, సిద్ధార్థ శంకర్ రే, కరణ్ సింగ్ ముగ్గురూ దిగితే బ్రహ్మానందరెడ్డి గెలిచారు. ఏడాది తిరక్కముందే, 1978 జనవరిలో, ఇందిరాగాంధీ పార్టీని చీల్చి తన కాంగ్రెస్ తాను పెట్టుకున్నారు. కార్యకర్తలు ఆవిడ వెంట నడిచారు. ఎన్నికైన అధ్యక్షుడి దగ్గర కుర్చీ మిగిలింది, పార్టీ మిగల్లేదు.

1972 తర్వాత సంస్థాగత ఎన్నికలన్న మాటే మరుగున పడింది. రాష్ట్ర అధ్యక్షుడు, జిల్లా అధ్యక్షుడు, చివరికి బ్లాక్ కమిటీ వరకు అన్నీ నామినేషనే. ఇరవై ఏళ్లకు పి.వి. నరసింహారావు వాటిని బతికించారు. 1992 ఏప్రిల్‌లో తిరుపతి ప్లీనరీలో, అంటే పార్టీ మహాసభలో, వర్కింగ్ కమిటీకి ఓటింగ్ పెట్టారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ లాంటివాళ్లు గెలిచారు. పీవీకి అది మింగుడుపడే ఫలితం కాదు. గెలిచినవాళ్లలో దళితులు, గిరిజనులు, మహిళలు ఒక్కరూ లేరని ఎత్తిచూపి, అందరిచేతా రాజీనామా చేయించారు. కమిటీని మళ్లీ వేసి, అర్జున్ సింగ్‌నీ పవార్‌నీ నామినేటెడ్ సభ్యులుగా తీసుకున్నారు. ఎత్తిచూపిన లోపం నిజమైనదే. దాన్ని దిద్దిన తీరు పీవీ మార్కు. నిన్న డెలిగేట్ల ఓటుతో కూర్చున్నవాడు ఇవాళ అధ్యక్షుడి దయతో కూర్చున్నాడు.

1997లో సీతారాం కేసరి 6,224 ఓట్లతో శరద్ పవార్‌ను (882), రాజేశ్ పైలట్‌ను (354) ఓడించారు. ఇంత మెజారిటీ వచ్చిన మనిషిని 1998 మార్చిలో వర్కింగ్ కమిటీ ఒక్క సమావేశంతో తప్పించి సోనియాగాంధీని కూర్చోబెట్టింది. 2000లో జితేంద్ర ప్రసాద ఆవిడ మీద నిలబడితే 94 ఓట్లు వచ్చాయి, సోనియాకు 7,448. తర్వాత ఇరవై రెండేళ్లు బ్యాలెట్ పత్రం అవసరమే పడలేదు.

2019లో లోక్‌సభ ఎన్నికల్లో ఓడాక రాహుల్ గాంధీ రాజీనామా చేశారు. సోనియా తాత్కాలిక అధ్యక్షురాలయ్యారు. 2020 ఆగస్టులో 23 మంది సీనియర్లు రాసిన లేఖ బయటికొచ్చింది, పూర్తికాలం పనిచేసే నాయకత్వం కావాలని, అన్ని స్థాయిల్లో ఎన్నికలు పెట్టాలని. పోలింగ్ జరగడానికి 2022 అక్టోబర్ 17 దాకా పట్టింది. అక్కడ వాదులాట అంతా జాబితా మీదే మొదలైంది. డెలిగేట్ల పేర్లు బయటపెట్టండి అని పార్టీ ఎంపీలు మనీశ్ తివారీ, శశి థరూర్ లాంటివాళ్లు అడిగారు. కావాలంటే రాష్ట్ర కార్యాలయాలకు వెళ్లి చూసుకోవచ్చని ఎన్నికల బాధ్యుడు మధుసూదన్ మిస్త్రీ చెప్పారు. నామినేషన్ వేయాలంటే పది మంది డెలిగేట్ల సంతకాలు కావాలి. ఎవరు డెలిగేటో తెలియనివాడు ఎవరి గడప తొక్కాలి? చివరికి పోటీ చేసేవాళ్లు ఢిల్లీ ఆఫీసులో చూసుకునే వీలు ఇచ్చారు. చేతికొచ్చిన జాబితాలో చాలామంది ఫోన్ నంబర్లే లేవని థరూర్ తర్వాత చెప్పారు.

ఇంకో చిన్న సంగతి. బ్యాలెట్ మీద మల్లికార్జున ఖర్గే పేరు మొదటిది, థరూర్ పేరు రెండోది. తమకు నచ్చిన పేరు ఎదురుగా 1 అంకె వేయాలని మొదట సూచన ఇచ్చారు. 1 అంటే మొదటి పేరే అనుకునే ప్రమాదం ఉందని థరూర్ వర్గం అభ్యంతరం చెప్పింది. దాంతో టిక్ పెడితే చాలని మార్చారు. ఏ రాష్ట్రం ఎటు వేసిందో తెలియకుండా అన్ని పెట్టెల ఓట్లూ కలిపి లెక్కపెట్టారు. ఇది మాత్రం మంచి పని. తన రాష్ట్ర నాయకుడికి భయపడే డెలిగేట్‌కు అంతకుమించిన రక్షణ లేదు. ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072 వచ్చాయి, 416 చెల్లలేదు. అధికారికంగా అధిష్ఠానం అభ్యర్థి అంటూ ఎవరూ లేరు. ఎవరికి వేయాలో తెలియని డెలిగేట్లు కూడా పెద్దగా లేరు.

కింది స్థాయిలో వినిపించే మాటలు మూడు రకాలు. ఒకటి, పోటీ వద్దు, పైవాళ్లు ఐదు నిమిషాల్లో కలిసిపోతారు, మండలంలో మేం మాత్రం ఐదేళ్లు కొట్టుకోవాలి అనేది. దీన్ని పిరికితనమని కొట్టిపారేయలేం, జెండా మోసేవాడి అనుభవం అది. రెండు, పోటీ లేకపోతే మా వైపు చూసేవాడే ఉండడు, ఓటు అడగడానికైనా మా దగ్గరికి వస్తారు అనేది. మూడోది డెలిగేట్లతో పని లేకుండా సభ్యులందరికీ నేరుగా ఓటివ్వమనేది.

మూడోది వినడానికి బాగుంటుంది. బ్రిటన్‌లో లేబర్ పార్టీ చేసి చూసింది. 2015లో పార్టీ నాయకుడి ఎన్నికలో మూడు పౌండ్లు కట్టిన మద్దతుదారులకు కూడా ఓటిచ్చింది. జెరెమీ కోర్బిన్ 59.5 శాతంతో గెలిచారు. ఏడాదిలో ఆయన సొంత ఎంపీలు 172 మంది అవిశ్వాసం ప్రకటించారు. రెండోసారి ఎన్నిక పెట్టేటప్పుడు మూడు పౌండ్ల రుసుమును 25 చేశారు, జనవరి 12 తర్వాత చేరిన సభ్యులకు ఓటు లేదన్నారు. కోర్టుల దాకా వెళ్లింది. మళ్లీ అక్కడికే వచ్చాం: ఓటు హక్కు ఎంత విశాలమైతే జాబితా మీద పోరు అంత పెద్దది.

మన ప్రాంతీయ పార్టీల్లో ఈ తగాదా లేదు, ఎందుకంటే ఎన్నిక తేదీ నాటికి పేరు అందరికీ తెలుసు. తెలుగుదేశంలో మహానాడు, టీఆర్ఎస్‌లో (ఇప్పటి బీఆర్ఎస్) ప్లీనరీ, ఏకగ్రీవ ఎన్నిక, పూలదండ. 2022 జులైలో వైఎస్సార్ కాంగ్రెస్ ఇంకో మెట్టు పైకెక్కి జగన్‌ను శాశ్వత అధ్యక్షుణ్ణి చేయబోయింది. అది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పడంతో వెనక్కి తగ్గింది. సంఘం చేయగలిగింది కూడా అంతే. పార్టీని నమోదు చేసుకునే అధికారం ఉంది కానీ నియమాలు ఉల్లంఘించిందని రద్దు చేసే అధికారం మామూలుగా లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంతర్గత ఎన్నికలు జరిగాయని కాగితం పంపిస్తే అవి ఎలా జరిగాయో లోపలికెళ్లి చూసేవాళ్లు లేరు.

ఖర్గే ఎన్నికైన నాలుగు నెలలకు, 2023 ఫిబ్రవరిలో, రాయ్‌పూర్ ప్లీనరీ జరిగింది. వర్కింగ్ కమిటీకి ఎన్నికలు పెట్టాలా వద్దా అన్నది మొదటి రోజు ఎజెండా. వర్కింగ్ కమిటీ స్థానంలో అప్పటికి పనిచేస్తున్న స్టీరింగ్ కమిటీ చర్చించి ఎన్నికలు వద్దని ఏకగ్రీవంగా తేల్చింది, సభ్యులందరినీ నామినేట్ చేసే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది. ఆగస్టులో ఖర్గే ప్రకటించిన కొత్త కమిటీలో శశి థరూర్ పేరు ఉంది.