ఆగస్టు 15 గురించి ఏటా నన్ను అడిగేవి: అపోహలు, అసలు సంగతులు

పత్రికలో 'చరిత్రలో ఈ రోజు' శీర్షిక రాయడం పద్దెనిమిదేళ్ళుగా నా ఉద్యోగం. బీరువాలో 366 కవర్లున్నాయి, రోజుకొకటి. దొరికిన ప్రతి పేపర్ కటింగూ, పాఠకులు పంపిన ప్రతి ఉత్తరమూ ఆ తారీఖు కవర్లోకి వెళ్తాయి. అన్నిట్లోకీ లావైనది ఆగస్టు 15 కవరు. రబ్బరు బ్యాండ్ ఆగక పురికొసతో కట్టాను. తప్పులు ఎక్కువగా దొర్లేదీ ఆ రోజు విషయంలోనే. జూలై నెలాఖరు నుంచే వాట్సాప్ మెసేజ్‌లు మొదలవుతాయి. స్కూళ్ళ నుంచి టీచర్లు ఫోన్ చేస్తారు, "సార్, పిల్లలతో స్పీచ్ చెప్పించాలి, ఇందులో రాసింది నిజమేనా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఈసారి ఒకచోట రాస్తున్నాను.

అపోహ: 1947 ఆగస్టు 15న నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేశారు.

ఇది నేనూ రాశాను, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే. ప్రతి పుస్తకంలోనూ ఉన్నట్టే అనిపించింది, సరిచూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. నాలుగో రోజున ఒక పోస్టుకార్డు వచ్చింది. రిటైరైన హిస్టరీ లెక్చరర్ ఒకాయన రాశారు. నా వాక్యాన్ని నీలం సిరాతో యథాతథంగా ఎత్తి రాసి, '15' చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన '16' అని వేశారు. కింద సంతకం, అంతే. సిగ్గుతో ఆ రోజు భోజనం సహించలేదు. ఆ కార్డు ఇప్పటికీ కవర్లో అన్నిటికన్నా పైన ఉంటుంది.

వాస్తవం: ఆగస్టు 15 ఉదయం మంత్రివర్గం ప్రమాణ స్వీకారం జరిగింది ఇప్పటి రాష్ట్రపతి భవన్‌లో. సాయంత్రం జనం మధ్య జెండా ఎగిరింది ఇండియా గేట్ దగ్గరున్న ప్రిన్సెస్ పార్కులో. అక్కడికి జనం ఎంతగా వచ్చారంటే, అనుకున్న పరేడ్ అనుకున్నట్టు జరపడం కుదరలేదు. మౌంట్‌బాటెన్ తన గుర్రపు బండి దిగడానికి కూడా చోటు లేకపోయింది. ఎర్రకోట మీద నెహ్రూ జెండా ఎగరేసింది ఆ మర్నాడు, ఆగస్టు 16న. తర్వాతి ఏడాది నుంచి ఆగస్టు 15నే అక్కడ ఎగరేయడం ఆనవాయితీ అయింది. అందుకే మన జ్ఞాపకంలో రెండు రోజులూ కలిసిపోయాయి.

జెండా సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. రాష్ట్రాల్లో ఆగస్టు 15న ముఖ్యమంత్రులు జెండా ఎగరేయడం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1974 దాకా ఆ గౌరవం గవర్నర్లదే. తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి పట్టుబట్టి అడిగాక మారింది.

అపోహ: గాంధీజీ ఆ రాత్రి ఢిల్లీలో ఉన్నారు.

లేరు. కలకత్తాలో, బేలియాఘాటలో, హైదరీ మంజిల్ అనే పాత ఇంట్లో ఉన్నారు. మతకల్లోలాలు చల్లార్చడానికి వెళ్ళారు. ఆగస్టు 15న ఆయన ఉపవాసం ఉండి, ప్రార్థన చేసి, నూలు వడికారు. అయిదేళ్ళ కింద సరిగ్గా అదే రోజున, 1942 ఆగస్టు 15న, ఆయన కార్యదర్శి మహదేవ్ దేశాయ్ పుణేలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండగానే చనిపోయారు. దేశానికి పండగైన రోజు గాంధీజీకి అయినవాణ్ణి పోగొట్టుకున్న రోజు కూడా. ఈ సంగతి స్కూల్ స్పీచుల్లో నాకు ఎప్పుడూ వినిపించలేదు, వినిపించాలని నాకు గట్టిగా ఉంది.

అపోహ: ఆ తారీఖును మన నాయకులే ఎంచుకున్నారు.

1947 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రధాని అట్లీ పెట్టిన గడువు 1948 జూన్. దాన్ని పది నెలలు ముందుకు జరిపింది మౌంట్‌బాటెన్. ఆగ్నేయాసియాలో మిత్రపక్షాల సేనలకు అధిపతిగా ఉన్నప్పుడు జపాన్ లొంగిపోయిన రోజు అది కాబట్టి, ఆ రెండో వార్షికోత్సవాన్ని ఎంచుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకొన్నారు.

ఇక్కడ మా పనిలో ఉన్న పెద్ద చిక్కు ఒకటి చెప్పాలి. జపాన్ చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటించింది 1945 ఆగస్టు 15 మధ్యాహ్నం, టోక్యో టైమ్‌లో. అదే కబురు అమెరికాలో ప్రకటించేసరికి అక్కడ ఇంకా ఆగస్టు 14 సాయంత్రమే. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నావికుడొకడు ఒక అమ్మాయిని ముద్దు పెట్టుకుంటున్న ప్రసిద్ధ ఫొటో కూడా ఆగస్టు 14 నాటిదే. జరిగింది ఒకటే, తారీఖులు రెండు. అందుకే ఏ సంఘటన చేతికొచ్చినా నేను ముందు అడిగేది 'ఏ ఊరి గడియారం ప్రకారం?' అని. తర్వాత, ఆ రోజు జరిగింది ఏమిటి, ప్రకటనా, సంతకమా, అమల్లోకి రావడమా, పండగ చేసుకోవడమా అని. ఈ నాలుగూ నాలుగు వేరే రోజుల్లో పడడం మామూలే.

నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగం కూడా అంతే. అది పన్నెండు కొట్టాక చేసింది కాదు. ఆగస్టు 14 రాత్రి పదకొండింటికి రాజ్యాంగ సభ కూర్చుంది. సుచేతా కృపలానీ వందేమాతరం పాడారు. నెహ్రూ మాట్లాడారు, ఆయన తర్వాత ముస్లిం లీగ్ నాయకుడు ఖలీకుజ్జమాన్, ఆ తర్వాత మన సర్వేపల్లి రాధాకృష్ణన్. గడియారం పన్నెండు కొట్టాక సభ్యులు లేచి నిలబడి ప్రతిజ్ఞ చేశారు. కాబట్టి ప్రసంగం తారీఖు 14, స్వాతంత్ర్యం తారీఖు 15.

అపోహ: పాకిస్తాన్‌కు మనకన్నా ఒక రోజు ముందే స్వాతంత్ర్యం వచ్చింది.

భారత స్వాతంత్ర్య చట్టంలో రెండు దేశాలకూ రాసిన తారీఖు ఒకటే, 1947 ఆగస్టు 15. జిన్నా గవర్నర్ జనరల్‌గా ప్రమాణం చేసింది 15నే. 1948 జూలైలో పాకిస్తాన్ వేసిన మొదటి స్టాంపుల మీద కూడా 15 ఆగస్టు అనే ఉంది. మౌంట్‌బాటెన్ ఒకేసారి రెండు చోట్ల ఉండలేరు కాబట్టి ముందే కరాచీ వెళ్ళి 14న అక్కడి సభలో మాట్లాడి వచ్చారు. 1948 నుంచి వాళ్ళు 14నే పండగ చేసుకుంటున్నారు. అది వాళ్ళ నిర్ణయం, దాన్ని తప్పని రాయకూడదు. 'పండగ 14న, చట్టం ప్రకారం 15న' అని రాస్తే సరిపోతుంది.

దీనికి తోడు, 15న స్వతంత్రులైన కోట్ల మందికి తమ ఊరు ఏ దేశంలో ఉందో తెలియదు. రాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దును బయటపెట్టింది 17న. బెంగాల్‌లోని ముర్షిదాబాద్‌లో అప్పటిదాకా పాకిస్తాన్ జెండా ఎగిరింది, ఖుల్నాలో మన జెండా ఎగిరింది. 17 తర్వాత రెండూ తారుమారయ్యాయి. నదియా జిల్లాలో కొన్ని ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ 18న జెండా ఎగరేస్తారు. ఆ రెండు మూడు రోజులు ఆ ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పడి ఉంటారో తలుచుకుంటే నాకు నోట మాట రాదు.

అపోహ: ఆ రోజు దేశమంతా సంబరాలే.

ఒక ఏడాది సరిగ్గా ఈ మాటే రాశాను. వరంగల్ వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది, కోపంతో కాదు, వయసుతో. "బిడ్డా, దేశమంతా సంబరాలు జరిగినయని రాసిన్రు. మా ఊళ్ళె ఆ దినం జెండా ఎత్తినోళ్ళను పోలీసులు పట్టుకపోయిన్రు. నేను చిన్న పోరగాణ్ణి, చెట్టుమీద కూసొని చూసిన." ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

1947 ఆగస్టు 15 నాటికి హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవలేదు. ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ 'భారత్‌లో చేరాలి' అని దినం జరిపింది. 15న దాని నాయకుడు స్వామి రామానంద తీర్థను నిజాం ప్రభుత్వం అరెస్టు చేసింది. నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య, ఉన్నది ఉన్నట్టే కొనసాగించాలన్న యథాతథ ఒప్పందం కుదిరింది. భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న లోపలికి వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. తెలంగాణ జిల్లాలకు ఆగస్టు 15 పదమూడు నెలలు ఆలస్యంగా వచ్చిందన్నమాట.

కోస్తాలోనూ ఒక మినహాయింపు ఉంది. కాకినాడకు దగ్గర్లోనే ఉన్న యానాంలో ఆ రోజు ఎగిరింది ఫ్రెంచ్ జెండా. అక్కడి పాలన మన చేతికి వచ్చింది 1954 నవంబరు 1న, చట్టపరంగా బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న. గోవాకు 1961 డిసెంబరు 19 దాకా ఆగాల్సి వచ్చింది.

పిల్లల స్పీచ్‌లో ఒక్క వాక్యమైనా వాళ్ళ సొంత జిల్లా గురించి ఉండాలని టీచర్లను నేను బతిమాలేది ఇందుకే. ఆ రోజు మన ఊరు ఎవరి పాలనలో ఉంది? ఇది అడిగితే చాలు, పిల్లలు ఇంటికెళ్ళి తాతయ్యల్ని ప్రశ్నలు వేస్తారు.

అపోహ: ఆ రోజే మనం గణతంత్రం అయ్యాం, జనగణమన జాతీయ గీతం అయింది.

1950 జనవరి 26 దాకా మనది డొమినియన్. కాగితాల మీద మన రాజు ఆరో జార్జే. జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించింది 1950 జనవరి 24న. ఈ పాటకు మదనపల్లెతో ఉన్న చుట్టరికం మాత్రం పూర్తిగా నిజం. 1919లో టాగూర్ అక్కడి థియసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నారు. దాన్ని ఇంగ్లీషులోకి ఆయనే అనువదించింది అక్కడే. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాశారు.

అపోహ: ఇప్పుడు మనం ఎగరేసే జెండా పింగళి వెంకయ్య గీసినది గీసినట్టే ఉంది.

వెంకయ్యగారి మీద గౌరవంతోనే ఇది చెబుతున్నాను. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఆయన గాంధీజీకి ఇచ్చిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ రంగులు, మధ్యలో చరఖా. తెలుపు గాంధీజీ సూచన మీద చేరింది. 1931లో కాంగ్రెస్ ఎరుపు స్థానంలో కాషాయం పెట్టింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో 24 ఆకుల అశోక చక్రాన్ని ఆమోదించింది. పునాది ఆయనది, పైన చాలా చేతులు పడ్డాయి. అలా చెబితే ఆయన గొప్పతనం ఏమీ తగ్గదు.

అపోహ: లిక్టెన్‌స్టైన్‌కు కూడా ఆగస్టు 15నే స్వాతంత్ర్యం వచ్చింది.

ఆ రోజే విముక్తి పొందిన దేశాలంటూ ఏటా ఒక మెసేజ్ తిరుగుతుంది. కొరియా (1945), ఫ్రాన్స్ నుంచి విడిపోయిన కాంగో బ్రజావిల్ (1960) మట్టుకు నిజమే. లిక్టెన్‌స్టైన్ విషయంలో మాత్రం అది మెసేజ్ చెప్పినట్టు 1866లో జర్మనీ నుంచి బయటపడ్డ రోజు కాదు. అక్కడ ఆగస్టు 15 మేరీ మాత పండగ సెలవు, మర్నాడు అప్పటి రాజుగారి పుట్టినరోజు. రెండూ పక్కపక్కనే వచ్చాయని 1940లో దాన్ని జాతీయ దినం చేసుకున్నారు.

ఇక సినిమా వాళ్ళ ప్రశ్నలు. 'షోలే' 1975 ఆగస్టు 15న విడుదలైన మాట నిజం. మొదటి రోజు నుంచే సూపర్ హిట్ అన్నది మాత్రం అపోహ. మొదట్లో పెదవి విరిచినవాళ్ళే ఎక్కువ. జనం నోటి మాటతో పుంజుకుని బొంబాయి మినర్వాలో అయిదేళ్ళకు పైగా ఆడింది. చివర్లో ఠాకూర్ గబ్బర్‌ను చంపే ముగింపును సెన్సార్ ఒప్పుకోలేదు, దాంతో పోలీసులొచ్చి ఆపే సీన్ తీయాల్సి వచ్చింది. అప్పటికి ఎమర్జెన్సీ మొదలై రెండు నెలలు కూడా కాలేదు. అదే రోజు తెల్లవారుజామున ఢాకాలో బంగ్లాదేశ్ అధ్యక్షుడు షేక్ ముజిబుర్ రెహమాన్‌ను కుటుంబంతో సహా సొంత ఇంట్లోనే చంపేశారు. కూతుళ్ళిద్దరూ యూరప్‌లో ఉండబట్టి బతికారు. ఈ రెండూ ఒకే పెట్టెలో పక్కపక్కన వేయాల్సి వచ్చినప్పుడల్లా ఏది ముందు పెట్టాలన్న ప్రశ్న నాకు రాదు. ముజిబ్ ముందు.

కలర్ టీవీ ఏషియాడ్‌తో మొదలైందంటారు. ఏషియాడ్ 1982 నవంబరులో. దూరదర్శన్ ఎర్రకోట ప్రసంగాన్ని రంగుల్లో చూపించింది అదే ఏడాది ఆగస్టు 15న. ఇస్రో పుట్టింది 1969 ఆగస్టు 15నే, కానీ మన రాకెట్ల చరిత్ర ఆ రోజు మొదలు కాలేదు. తుంబా నుంచి మొదటి రాకెట్ 1963 నవంబరు 21నే ఎగిరింది. మన శ్రీహరికోట 1971లో తోడైంది.

చివరిగా, చాలామంది మరిచిపోయేది పిన్‌కోడ్. 1972 ఆగస్టు 15న మొదలైంది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించారు. మొదటి అంకె 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. నా తప్పు దిద్దిన ఆ లెక్చరర్ గారు పోస్టుకార్డు మీద తన చిరునామా రాయలేదు. థాంక్స్ చెబుదామని తపాలా ముద్ర మీద అంకెలు చదవడానికి భూతద్దం కూడా పెట్టి చూశాను. మొదటి 5 ఒక్కటే కనబడుతుంది, మిగతా అయిదు అంకెలూ చెరిగిపోయాయి.