గాయాన్ని వదిలేసి మత్తు మాన్పించగలమా?

అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, చార్ల్‌స్టన్ నగరం. 1989లో అక్కడి వైద్య విశ్వవిద్యాలయ ఆసుపత్రి కొందరు గర్భిణుల మూత్రాన్ని వాళ్లకు తెలియకుండానే కొకైన్ కోసం పరీక్షించడం మొదలుపెట్టింది. ఆనవాళ్లు దొరికితే కబురు పోలీసులకు వెళ్లేది. అలా అరెస్టయిన 30 మందిలో ఒక్కరు తప్ప అందరూ నల్లజాతి మహిళలే. రోగి ఒప్పుకోకుండా పోలీసుల కోసం ఇలా పరీక్షించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2001 వచ్చింది.

మరి తెల్లజాతి గర్భిణుల సంగతేమిటి? ఫ్లోరిడాలోని పినెల్లస్ కౌంటీలో 715 మంది గర్భిణులను పరీక్షించి 1990లో ప్రచురించిన అధ్యయనం ఉంది. మద్యం, మత్తుపదార్థాల ఆనవాళ్లు తెల్లవారిలో 15.4 శాతం మందికి, నల్లవారిలో 14.1 శాతం మందికి కనిపించాయి. అధికారులకు ఫిర్యాదు మాత్రం నల్లజాతి మహిళల మీద సుమారు పది రెట్లు ఎక్కువగా వెళ్లింది.

వ్యసనంలో పడిన నల్లజాతి మహిళల వైద్యం గురించి చెబుతూ ఈ చరిత్రంతా ఎందుకంటే, ట్రామా (మనసుకు తగిలిన గాయం) చికిత్సలో రోగి తన జీవితంలోని అతి బాధాకరమైన విషయాన్ని ఒక అపరిచితురాలికి నమ్మి చెప్పాలి. నమ్మితే ఏమవుతుందో ముందే చూసినవాళ్లు అంత తేలిగ్గా నోరు విప్పరు.

వ్యసనానికి చికిత్స కోసం వచ్చే ఆడవాళ్లలో చాలామందికి పీటీఎస్‌డీ ఉంటుంది. చిన్నప్పటి లైంగిక హింస, భర్త కొట్టిన దెబ్బలు, కళ్లముందు జరిగిన హత్య, ఇలాంటివి మిగిల్చే జబ్బు అది. ప్రమాదం దాటిపోయినా మెదడు ఆ మాట నమ్మదు. నోరడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్ ఎగసిపడుతుంది, గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు. మద్యమో హెరాయినో ఆ అలజడిని కాసేపు అణుస్తుంది. మత్తు దిగాక వచ్చేవీ అవే: దడ, చెమటలు, పీడకలలు. దాంతో ఆమె మళ్లీ గ్లాసు అందుకుంటుంది. చాలామంది మత్తును తమ బాధకు సొంత వైద్యంగా వాడుకుంటున్నారని మనోవైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియన్ 1985లోనే రాశారు.

అయినా చాలాకాలం డీఅడిక్షన్ కేంద్రాల మాట ఒకటే: ముందు మానెయ్, తర్వాత మిగతావి మాట్లాడదాం. పాత గాయాన్ని కెలికితే మళ్లీ తాగుతుందేమోనన్న భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ మానిన కొద్దిరోజులకే పీడకలలు విరుచుకుపడి ఆమె కేంద్రం వదిలి వెళ్లిపోతే, ఫైల్లో తప్పు ఆమెదే అవుతుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

రెంటికీ కలిపి చికిత్స చేసే పద్ధతుల్లో రెండు బాగా తెలిసినవి. మనస్తత్వవేత్త లీసా నజావిట్స్ 1990లలో రూపొందించిన ‘సీకింగ్ సేఫ్టీ’ గతాన్ని తవ్వదు. ఈరోజు క్షేమంగా ఎలా గడపాలో 25 అంశాలుగా నేర్పుతుంది. ‘కోప్’ అనే పద్ధతిలో ఆ జ్ఞాపకాన్నే పదేపదే చెప్పించి భయం పట్టు సడలిస్తారు. ఆస్ట్రేలియాలో 103 మందిపై చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో కోప్ పీటీఎస్‌డీని గణనీయంగా తగ్గించింది, మత్తు వాడకమూ పెరగలేదు. అమెరికాలో 353 మంది మహిళలతో చేసిన పరీక్షలో సీకింగ్ సేఫ్టీ ఆరోగ్య పాఠాల తరగతి కన్నా మెరుగని తేలలేదు, రెండు గుంపుల్లోనూ పీటీఎస్‌డీ తగ్గింది. తర్వాతి విశ్లేషణలో ఇంకో సంగతి బయటపడింది: పీటీఎస్‌డీ ఉపశమించినవారిలో మత్తు వాడకమూ తగ్గుతూ వచ్చింది. మత్తు తగ్గితే పీటీఎస్‌డీ తగ్గుతుందనడానికి మాత్రం పెద్దగా ఆధారం దొరకలేదు. ‘ముందు మానెయ్’ అన్నవాళ్లు దీని గురించి ఆలోచించాలి.

కోప్‌కు పునాది వేసిన తొలి పరిశోధనలు జరిగింది కూడా చార్ల్‌స్టన్‌లోని ఆ విశ్వవిద్యాలయంలోనే.

పద్ధతి ఎంత మంచిదైనా కొన్ని అడ్డంకులు దాని చేతిలో లేవు. ఎంత కష్టమొచ్చినా గట్టిగా నిలబడాలి, కన్నీళ్లు కనిపించకూడదు, సాయం అడగకూడదు అన్న ఒత్తిడి నల్లజాతి మహిళల మీద ఎలా పనిచేస్తుందో పరిశోధకురాలు షెరిల్ వుడ్స్-జిస్కాంబే 2010లో వివరించారు. బానిసత్వం నాటి నుంచి బతకడానికి అవసరమైన గుణమే చికిత్స గదిలో మౌనంగా మారుతుంది. ఇంకో అడ్డంకి 1997 నాటి ఫెడరల్ (అమెరికా కేంద్ర) చట్టం. పిల్లలు గత 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో (తల్లిదండ్రుల నుంచి తీసుకుని ప్రభుత్వం వేరేచోట ఉంచే తాత్కాలిక సంరక్షణలో) ఉంటే, కొన్ని మినహాయింపులు పోను, తల్లి హక్కుల రద్దుకు రాష్ట్రం కోర్టుకెళ్లాలి. వ్యసనం నుంచి కోలుకోవడం ఆ క్యాలెండర్ ప్రకారం జరగదు. ‘ఈ వారం తాగావా?’ అన్న ప్రశ్నకు నిజం చెబితే బిడ్డ దూరమయ్యే టెన్షన్ ఉన్నప్పుడు ఏ తల్లి నిజం చెబుతుంది?

అందుకే పిల్లల్ని వెంట ఉంచుకునే వసతి, తనలాంటి జీవితం చూసిన నల్లజాతి కౌన్సెలర్ ఈ చికిత్సలో భాగమే కావాలి. చెప్పిన మాటల్లో ఏవి ఆ గదిలోనే ఉంటాయో, ఏవి చట్టప్రకారం బయటికి చెప్పక తప్పదో మొదటి రోజే, ఆమె నోరు విప్పకముందే చెప్పాలి.