షుగర్ డౌన్ అయితే చాక్లెట్ కాదు, గ్లూకోజ్: అపోహలు - వాస్తవాలు

"జేబుల ఏం పెట్టుకున్నరు పెద్దాయనా?" నల్లగొండలో మా ఓపీకి ఇన్సులిన్ వాడేవాళ్లు ఎవరొచ్చినా నేను ముందు అడిగే మాట ఇదే. చేయి జేబులోకి పోతుంది, చాక్లెట్ బయటికొస్తుంది. మొన్న సోమవారం ఒక్క పూటలోనే నలుగురు అట్లా తీసి చూపించారు. ఒకామె అయితే కొంగు ముడి విప్పి చూపించింది. డైటీషియన్‌గా ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే ఎదురవుతోంది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: షుగర్ పడిపోతే వెంటనే చాక్లెట్ నోట్లో వేసుకోవాలి.

తియ్యగా ఉంది కాబట్టి చాక్లెట్ అంటే చక్కెరే అనుకుంటారు. రేపర్ వెనక పట్టిక చదవండి. మామూలు మిల్క్ చాక్లెట్ 100 గ్రాములకు దాదాపు 530 కేలరీలు. చక్కెర 55 గ్రాములకు అటూ ఇటూ, కొవ్వు దగ్గరదగ్గర 30 గ్రాములు. గ్రాము చక్కెరకు 4 కేలరీలైతే గ్రాము కొవ్వుకు 9. అంటే చాక్లెట్ ఇచ్చే శక్తిలో సగం కొవ్వుదే. చిక్కంతా అక్కడే ఉంది. కొవ్వు కలిసిన తిండి కడుపులోంచి నిదానంగా దిగుతుంది, పేగులోకి దిగితే తప్ప చక్కెర రక్తంలోకి ఎక్కదు. మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికి, కండ్లు మసకబారుతుంటే కావాల్సింది నిమిషాల్లో ఎక్కే చక్కెర. చాక్లెట్‌తో ఆ నిమిషాలు పోతాయి.

మోతాదూ చాలదు. షుగర్ 70 కంటే దిగితే పెద్దవాళ్లకు 15 గ్రాముల గ్లూకోజ్ కావాలి. పావుగంట ఆగి మళ్లీ మీటర్ పెట్టాలి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. జేబులో పట్టే చిన్న చాక్లెట్ 12 గ్రాములుంటే అందులో చక్కెర 7 గ్రాములు కూడా రాదు.

మా నాన్న విషయంలో ఇది కళ్లారా చూశాను. దేవరకొండలో పెళ్లికని బస్సులో పోతున్నాం. పొద్దున షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ గోలీ వేసుకున్నాడు, పెళ్లి భోజనం ఉంది గదా అని టిఫిన్ మానేశాడు. సగం దారిలో మాట తడబడింది, అంగీ వీపంతా తడిసిపోయింది. మీటర్ పెడితే 52. నేను సంచి వెతికే లోపలే ఆయన జేబులోంచి రెండు చాక్లెట్లు తీసి నమలడం మొదలుపెట్టాడు. ఎండకు కరిగి, రేపర్‌కు అంటుకుపోయి, సగం కాగితానికే పోయింది. మిగిలింది గోటితో గీకి తింటున్నాడు. ఇరవై నిమిషాలకు చూస్తే 55. కొండమల్లేపల్లిలో దింపి, చాయ్ హోటల్లో గ్లాసు నీళ్లల్లో నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించాను. పావుగంటకు 91. ఆ హోటలాయన చక్కెరకు పైసలు తీసుకోలేదు, పైగా నాన్నను బల్ల మీద పడుకోబెట్టి విసనకర్రతో విసిరాడు.

అయితే చక్కెర నీళ్లు కూడా అందరికీ పనికిరావు. మీ గోలీ పట్టీ మీద వోగ్లిబోస్ అనో అకార్బోస్ అనో ఉందేమో చూడండి. రెండు మూడు మందులు కలిపిన కొన్ని గోలీల్లో ఇది ఉంటుంది, వేసుకునేవాళ్లకు ఆ సంగతే తెలియదు. పేగులో చక్కెర విరిగి గ్లూకోజ్ కావడాన్ని ఆలస్యం చేయడమే ఈ మందు పని. మరి షుగర్ పడిపోయినప్పుడు చక్కెర తాగితే అదీ ఆలస్యమే గదా. వీళ్లకు ఉత్త గ్లూకోజ్ పొడే కావాలి. మెడికల్ షాపులో అడగండి. కొనేటప్పుడు వెనక పదార్థాల జాబితా చూడండి, ఆరెంజ్ రుచి పేరుతో చక్కెర కలిపినవీ ఉంటాయి. 15 గ్రాములు తూచి పొట్లాలు కట్టుకోండి. షుగర్ మామూలుకొచ్చాక అన్నమో రొట్టెనో తినాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు, చెంచా నీళ్లు కూడా వద్దు. 108కి ఫోన్ చేయండి.

అపోహ: చాక్లెట్లు తినిపించడం వల్లే పిల్లకు షుగర్ వచ్చింది.

అచ్చంపేట దగ్గరి తండా నుంచి ఒక తల్లి వచ్చింది. తొమ్మిదేళ్ల బిడ్డకు టైప్ 1. "నేనే గదా మేడం కొనిచ్చింది" అని ఏడుస్తూ కూర్చుంది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఆమెను అదే మాట అన్నారట. అమ్మా, వినండి. టైప్ 1 చాక్లెట్‌తో రాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తే వస్తుంది. మీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఆ మాటన్న చుట్టాలను నా దగ్గరికి పంపండి, నేను చెప్తాను. ఆ పిల్ల బడి సంచిలో కూడా షుగర్ పడిపోతే తినమని పెట్టింది చాక్లెట్టే. తీయించి గ్లూకోజ్ పెట్టించాను. పిల్లలకు మోతాదు బరువును బట్టి తగ్గుతుంది, డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని టీచరుకు ఇవ్వండి.

అపోహ: షుగర్ ఫ్రీ చాక్లెట్ ఎంత తిన్నా ఏం కాదు.

అవుతుంది. అందులో చక్కెరకు బదులు వేసే మాల్టిటాల్ కూడా షుగర్ పెంచుతుంది, కాకపోతే కొంచెం తక్కువ. ఎక్కువ తింటే విరేచనాలు. కొవ్వు ఎక్కడికీ పోదు. ముందు వైపు పెద్దక్షరాలు వదిలేసి వెనక పట్టిక చూడండి. అందులో ఒక సర్వింగ్‌కు, అంటే ఒకసారి తినే మోతాదుకు, యాడెడ్ షుగర్ (విడిగా కలిపిన చక్కెర) ఎంత శాతమో వేస్తారు. ఆ శాతం రోజుకు 50 గ్రాముల లెక్కన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదంటుంది. 40 గ్రాముల మిల్క్ చాక్లెట్ ఒక్కటి తింటే ఆ 25 గ్రాముల్లో చాలావరకు అయిపోయినట్టే.

అపోహ: చాక్లెట్ రేపర్ మీద పదార్థాల జాబితాలో 476 అని నంబరుంటే పంది కొవ్వు.

ఈ మెసేజ్ మా బంధువుల గ్రూపులోనే ఎన్నిసార్లు తిరిగిందో! 476 అనేది ఆముదం నూనెతో చేసే పదార్థం, చాక్లెట్ పల్చగా జారడానికి వేస్తారు. పాలమూరు చెలకల్లో ఆముదం పండించిన ఇళ్లవాళ్లే దీన్ని పంది కొవ్వని ఫార్వర్డ్ చేస్తుంటే బాధేస్తుంది. శాకాహారమా కాదా అన్నది ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్కే చెప్తుంది.

చాక్లెట్ తింటే కడుపులో పురుగులు పడతాయా? పడవు. నులిపురుగులు మట్టి నుంచి, కడగని చేతుల నుంచి వస్తాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే అల్బెండజోల్ గోలీ మానకుండా వేయించండి.

చాక్లెట్ మీద తెల్లపొర బూజేనా అనీ అడుగుతారు. కాదు, కరిగిన కొవ్వు మళ్లీ గట్టిపడి పైకి తేలిన పొర. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన దగ్గర ఎండాకాలం 40 దాటుతుంది. జేబులో చాక్లెట్ ఎట్లా నిలుస్తుంది? గ్లూకోజ్ పొట్లానికి ఆ బాధ లేదు. మా నాన్న అంగీ జేబులో ఇప్పుడు రెండు పొట్లాలుంటాయి. చెమటకు గడ్డకడతాయని నెలకోసారి నేనే మారుస్తాను.