రక్తపోటు పద్దులో పేగు సూక్ష్మజీవులు

వాసనను పసిగట్టే గ్రాహకాలకు ముక్కులో పని ఉంటుంది. మూత్రపిండంలో ఏం పని? అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జెన్నిఫర్ ప్లుజ్నిక్, ఆమె సహచరులు ఎలుకల మూత్రపిండాల్లో ఉన్న అలాంటి గ్రాహకం ఒకటి రక్తపోటు నియంత్రణలో పాల్గొంటున్నదని 2013లో ప్రకటించారు. ఓఎల్‌ఎఫ్‌ఆర్-78 అనే ఈ గ్రాహకం స్పందించేది పూల పరిమళానికో పోపు ఘాటుకో కాదు. ప్రొపియనేట్, ఎసిటేట్ అనే అతి చిన్న ఆమ్ల అణువులకు. వీటిని పెద్ద ఎత్తున తయారు చేసేది పెద్దపేగులోని బ్యాక్టీరియా. పేగులో ఏం తయారవుతున్నదో మూత్రపిండం ఒక విధంగా వాసన పడుతున్నదన్నమాట.

ఆ గ్రాహకం ఉన్న చోటు కూడా గమనించదగ్గది. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే ప్రతి కేశనాళికల ముడికీ రక్తం తెచ్చే సన్నని ధమని గోడలో రెనిన్ అనే ఎంజైమును నిల్వ చేసే కణాలుంటాయి. రెనిన్ విడుదలైతే, వరుసగా జరిగే కొన్ని చర్యల తర్వాత యాంజియోటెన్సిన్-2 తయారై రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి, రక్తపోటు పెరుగుతుంది. బీపీకి మన దగ్గర విరివిగా రాసే టెల్మిసార్టాన్, ఎనాలప్రిల్ మాత్రలు అడ్డుపడేది ఈ వరుసకే. ఓఎల్‌ఎఫ్‌ఆర్-78 ఉన్నది సరిగ్గా ఆ రెనిన్ ఉన్న చోటనే. ప్రొపియనేట్ తగిలితే అది రెనిన్‌ను విడుదల చేయిస్తుంది. ఆ లెక్కన ప్రొపియనేట్ ఇచ్చిన ఎలుకలకు రక్తపోటు పెరగాలి. కానీ పడిపోయింది. కారణం జీపీఆర్-41 అనే మరో గ్రాహకం. అది రక్తనాళాలను సడలిస్తుంది, పైగా చాలా తక్కువ మోతాదు ప్రొపియనేట్‌కే మేలుకొంటుంది. ఓఎల్‌ఎఫ్‌ఆర్-78 లేకుండా పుట్టించిన ఎలుకల్లో రక్తపోటు మరీ కిందికి దిగజారడాన్ని బట్టి, ఓఎల్‌ఎఫ్‌ఆర్-78 ఈ పతనాన్ని ఒక హద్దు దగ్గర ఆపడానికి ఉన్నదని పరిశోధకులు భావిస్తున్నారు. జీపీఆర్-41 లేని ఎలుకలకు సిస్టాలిక్ రక్తపోటు, అంటే కొలతలో పై అంకె, ఎక్కువగా ఉంటుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

ఈ ఆమ్లాలకు ముడిసరుకు పీచు పదార్థం. పప్పులు, కూరగాయలు, చిరుధాన్యాలు, పొట్టు తీయని గింజల్లో ఉండే పీచును అరిగించే ఎంజైములు మనకు లేవు. అది చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియనేట్, బ్యుటిరేట్ తయారు చేస్తాయి. బ్యుటిరేట్‌ను పెద్దపేగు లోపలి పొర కణాలు ప్రధాన ఇంధనంగా వాడుకుంటాయి. మెల్‌బోర్న్ పరిశోధకులు 2017లో, కృత్రిమంగా రక్తపోటు తెప్పించిన ఎలుకలకు పీచు ఎక్కువున్న మేతనో నేరుగా ఎసిటేట్‌నో ఇచ్చినప్పుడు, రక్తపోటు తగ్గడమే కాక గుండెలోనూ మూత్రపిండాల్లోనూ మచ్చకట్టడం కూడా తగ్గింది.

పీచు సంగతి అది. ఉప్పుది వేరే దారి. ఉప్పు ఎక్కువైతే నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుందన్నది పాత వివరణ, అది తప్పూ కాదు. అయితే బెర్లిన్‌లోని మాక్స్ డెల్బ్రుక్ కేంద్రం నుంచి డొమినిక్ ముల్లర్ బృందం 2017లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన దానికి మరో అంచె జోడించింది. ఉప్పు మేత తిన్న ఎలుకల పేగుల్లో లాక్టోబాసిల్లస్ మ్యూరినస్ అనే బ్యాక్టీరియా అడుగంటింది, వాపును రగిలించే టీహెచ్-17 అనే రోగనిరోధక కణాలు పెరిగాయి, రక్తపోటూ పెరిగింది. ఆ బ్యాక్టీరియాను తిరిగి అందించినప్పుడు కణాలూ రక్తపోటూ రెండూ తగ్గుముఖం పట్టాయి. అదే బృందం ఆరోగ్యవంతులైన 12 మంది పురుషులకు మామూలు తిండికి తోడు రోజుకు మరో 6 గ్రాముల ఉప్పును 14 రోజుల పాటు ఇచ్చింది. వారిలో కూడా లాక్టోబాసిల్లస్ రకాలు చాలావరకు కనుమరుగై, టీహెచ్-17 కణాలూ రక్తపోటూ పెరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు మొత్తం కలిపి రోజుకు 5 గ్రాములలోపు అని గుర్తు చేసుకుంటే, అదనంగా ఇచ్చిన ఆ 6 గ్రాములు ఎంతో తెలుస్తుంది. పన్నెండు మందితో చేసిన పరిశీలన సూచన మాత్రమే, రుజువు కాదు. అయినా ఎలుకల్లో కనిపించిన వరుసే మనుషుల్లోనూ కనిపించడం తేలిగ్గా తీసివేయదగ్గ విషయం కాదు.

ఇక్కడే అసలు చిక్కు. రక్తపోటు ఉన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల పొందిక వేరుగా ఉంటే, అది రక్తపోటుకు కారణమా, లేక అదే తిండి, అదే బరువు, అవే మాత్రలు రెంటినీ మార్చాయా? చైనా పరిశోధకులు 2017లో ఆరోగ్యవంతులు 41 మందిని, రక్తపోటు అంచున ఉన్న 56 మందిని, రక్తపోటు రోగులు 99 మందిని పోల్చి తేడాలు చూపడమే కాక, రోగుల మలాన్ని సూక్ష్మజీవరహితంగా పెంచిన ఎలుకల పేగుల్లోకి ఎక్కించారు. ఆ ఎలుకలకు రక్తపోటు పెరిగింది. కారణమనే వాదానికి ఇది గట్టి ఆధారమే. అయితే అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయంలో బినా జో బృందం 2015లో చేసిన ప్రయోగం వేరే కథ చెబుతుంది. ఉప్పుకు రక్తపోటు పెరిగే ఎలుకల జాతికి, పెరగని జాతి ఎలుకల పేగు సూక్ష్మజీవులను ఎక్కిస్తే రక్తపోటు తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే ఇంకా పెరిగింది. మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని రెండు గుంపులుగా విడదీసి మాట్లాడే అలవాటు ఈ ఫలితం ముందు నిలవదు. ఏ జీవి మేలు చేస్తుందన్నది, అది ఎవరి పేగులో ఉన్నదన్న దానిమీద కూడా ఆధారపడి ఉన్నట్టుంది.

చికిత్సగా పరీక్షించినప్పుడు ఫలితాలు ఆశాజనకంగానూ అసంపూర్ణంగానూ ఉన్నాయి. ఎసిటేట్, బ్యుటిరేట్‌లను రసాయనికంగా అతికించిన, సులువుగా అరగని మొక్కజొన్న పిండిపదార్థాన్ని, మాత్రలు వాడని 20 మంది రక్తపోటు రోగులకు రోజుకు 40 గ్రాముల చొప్పున మూడు వారాలు ఇచ్చి ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. 24 గంటల సగటు సిస్టాలిక్ రక్తపోటు 6 మిల్లీమీటర్ల (పాదరస మట్టం) మేర తగ్గింది. ఒక బీపీ మాత్ర మామూలు మోతాదులో సగటున 9 మిల్లీమీటర్లు తగ్గిస్తుంది కనుక ఇది చిన్న అంకె కాదు. చద్దన్నంలో కూడా అరగని పిండిపదార్థం పెరుగుతుందన్నది నిజమే, కానీ దాన్ని ఈ పరీక్షలో వాడిన సరుకుతో సమానం చేసి ప్రచారం చేయడం తొందరపాటు. పెరుగు వంటి ప్రోబయోటిక్ ఆహారంపై జరిగిన 9 పరీక్షలను 2014లో కలిపి చూసినప్పుడు సిస్టాలిక్‌లో తగ్గుదల సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన సూక్ష్మజీవులను గొట్టం మాత్రల (క్యాప్సూళ్ల) రూపంలో మింగించి చైనాలో 124 మంది రోగులపై చేసిన పరీక్షలో మొదటి వారంలో కనిపించిన తగ్గుదల నెల తిరిగేసరికి నిలవలేదు.

మన దేశం దగ్గరికి వస్తే మరో ముడి పడుతుంది. ఆ చైనా పరిశీలనలో రక్తపోటు ఉన్నవారిలో ఎక్కువగా కనిపించిన సూక్ష్మజీవుల్లో ప్రీవోటెల్లా ఒకటి. కానీ ధాన్యం, పప్పు, కూరగాయలు ప్రధానంగా తినే భారతీయుల్లో ప్రీవోటెల్లా ఆరోగ్యవంతుల పేగుల్లోనే దండిగా ఉంటుంది. దేశంలోని 14 ప్రాంతాలకు చెందిన వెయ్యి మందికి పైగా మలాన్ని పరీక్షించిన అధ్యయనం 2018లో ఈ సంగతి చూపింది. మరుసటి ఏడాది భోపాల్, కేరళ వాసులను పోల్చిన మరో అధ్యయనంలో భోపాల్ వారిలో ప్రీవోటెల్లాది పైచేయి అయితే, కేరళ వారిలో బాక్టీరాయిడ్స్ వంటి ఇతర జాతులది పైచేయి. ఒకే దేశంలోనే ఇంత తేడా ఉన్నప్పుడు బీజింగ్‌లోనో బెర్లిన్‌లోనో గీసిన గీతను హైదరాబాదులోనో విజయవాడలోనో ఆరోగ్యానికి కొలతగా పెట్టుకోలేము. అందుకే, మలాన్ని పరీక్షించి పేగుల ఆరోగ్యానికి మార్కులు వేస్తామని వేల రూపాయలకు అమ్ముతున్న కిట్లు రక్తపోటు విషయంలో ఇచ్చే అంకెను చూసి ఇప్పటికైతే ఏ వైద్యుడూ మాత్ర మార్చలేడు. దానికి చేతికి కట్టే బీపీ పట్టీ చూపే అంకే ఆధారం.